వదిలిన మోత

మౌనానికి ఇరవై నాలుగు రోజులు

తెప్ప నుంచి ఇవాళ వచ్చినవి ముప్పై ఎనిమిది. మళ్ళీ ఒకటి తక్కువ.

రోజూ ఇదే రాసి రాసి నాకే విసుగొస్తోంది. రాయకపోతే మాత్రం ఏదో మర్చిపోయినట్టుంటుంది. నడిసముద్రంలో చేపలు పెంచే ఆ తెప్పకి రోజుకి ముప్పై తొమ్మిది మోతలు ఇచ్చారు. వాళ్ళు వాడేది ముప్పై ఎనిమిది. ఆకాశం మీదుగా మాట పంపే కాలం మా అమ్మ చిన్నతనంలోనే పోయింది. ఇప్పుడు మాట పోవాలంటే సముద్రమే గతి. సముద్రంలో ఎంతపడితే అంత చప్పుడు చేస్తే తిమింగలాలు ఊరుకోవు. అసలు ఈ నీళ్ళలోనే ఉండవు, ఒకసారి అలాగే వెళ్ళిపోతే బతిమాలి రప్పించుకున్నారు. అందుకని ప్రతి ఊరికీ మోతల వంతు కట్టారు. ఒక అక్షరానికి ఒక మోత. నార్వే తీరంలోని మా స్టిల్లెవోగ్ ఊళ్ళో నీటి కిందికి మోత పంపే కొమ్ముకి రోజుకి నలభై ఒకటి.

ఆ నలభై తర్వాతి ఒకటి నేను సంపాదించిందే. రెండేళ్ళ క్రితం తెప్ప రోజూ ఒక మోత పారేస్తోందని చూసి, ఎలాగూ వాడరు కదా మాకివ్వండని శబ్ద కావలి కచేరీకి అర్జీ పెట్టాను. ఇచ్చారు. వాళ్ళ నలభై ముప్పై తొమ్మిదయింది. మర్నాటి నుంచి వాళ్ళు ముప్పై ఎనిమిదే పంపడం మొదలుపెట్టారు!

ఆ తెప్ప మీద మాటలు కూర్చి పంపే కూర్పరి ఎవరో, పేరు బయటికి చెప్పరు గానీ, మనిషికి లెక్క రాదు.

మౌనానికి ఇరవై రెండు రోజులు

పొద్దున్నే తోటమ్మ వచ్చింది. ఆమె మొగుడు అప్పన్న తెప్ప మీద చేపల మేత చూస్తాడు. ఒక మనిషికి నెలకో వంతు, వంతుకి ఏడు మోతలు. వచ్చిన మనిషి తన భాషలో ఎంతసేపు కావాలంటే అంతసేపు చెప్పుకోవచ్చు. చెప్పిందంతా విని నార్వే మాటల్లోకి కుదించి పంపడం కూర్పరి పని. ఆ పని నాది.

"ఓలమ్మ సన్నాసీ, మనవడికి పన్నొచ్చినాదే! కింద పన్ను. బియ్యపు గింజంతే ఉన్నాది. నిన్న కోడలి వేలు కొరికీసినాడు, అది కెవ్వుమన్నాది. అదంతా సెప్పు మీ మావకి. మోకాలు నొప్పి తగ్గిందా అని కూడా అడుగు."

"అత్తా, ఏడే ఉన్నాయి."

"ఏడులో పన్ను పట్టదేటే!"

పట్టింది. బార్నెబార్న్స్‌టాన్. మనవడి పన్ను. నాలుగు మోతలు. బార్న్ అంటే బిడ్డ. బిడ్డకు బిడ్డను అతికించాలంటే మధ్యలో ఎ పెట్టాలి, దానికి ఒక మోత ఖర్చు. ఆ తర్వాత పన్నును అతికించడానికి స్ చాలు, దానికి ఖర్చు లేదు, ముందు అక్షరం చంకలో దూరిపోతుంది. మిగిలిన మూడు మోతల్లో మోకాలు నొప్పి సరిపోయింది. క్నేస్మెర్తె.

ఈ భాషను కొమ్ముకు ఎందుకు పెట్టారో పని నేర్చుకున్న మొదటి వారంలోనే అర్థమైంది. వాళ్ళ అక్షరం గట్టిగా కూరిన గోనెసంచి లాంటిది. శరదృతువు మొత్తం ఒక్క మోత: హోస్ట్. మన మాటలు నోరు తెరుచుకునే మొదలవుతాయి, నోరు తెరుచుకునే ముగుస్తాయి. "ఎలా ఉన్నావే అప్పా" అనడానికే ఏడూ అయిపోతాయి. అప్ప అంటే మా వైపు అక్క. ఆ తర్వాత నేనెలా ఉన్నానో చెప్పడానికి వచ్చే నెల దాకా ఆగాలి.

అయినా నేనెప్పుడూ అలా అడగలేదు. అప్ప తెప్ప ఎక్కి మూడేళ్ళయింది. ఆమె నుంచి నా పేరున ఒక్క మోత రాలేదు. నేనూ పంపలేదు.

మౌనానికి ఇరవై ఒక్క రోజులు

అప్పన్న జవాబు వచ్చింది. టాన్‌లాట్టెర్. మూడే మోతలు. పన్ను నవ్వు అని.

ఇలాంటి మాట ఏ పుస్తకంలోనూ లేదు. ఆ కూర్పరి పుట్టించిందే. తోటమ్మను కూర్చోబెట్టి విప్పి చెప్పాను. వచ్చిన మాటను విప్పడం కూడా నా పనే. "మావ మనవడి నవ్వు చూడాలని తహతహలాడుతున్నాడత్తా. ఆ ఒక్క పన్నూ బయటపెట్టి వాడు నవ్వుతుంటే ఎలా ఉంటుందోనని రోజంతా అదే ఊహించుకుంటున్నాడు" అన్నాను. తోటమ్మ కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

మూడు మోతల్లో అంత ఉందా? ఏమో. విప్పేటప్పుడు నా చెయ్యి కొంచెం జారుతుంది. అందుకే మాకు ఒక గట్టి నియమం ఉంది. కూర్పరి తన మాట తాను కూర్చకూడదు, తనకొచ్చిన మాట తాను విప్పకూడదు. కూర్చేటప్పుడు పక్కవాళ్ళ వంతులోంచి లాగుతాం, విప్పేటప్పుడు లేని ఆశంతా అందులో కుక్కుతాం. ఇంకో కూర్పరి ముందు కూర్చుని, ఊళ్ళోవాళ్ళలాగే మొత్తం చెప్పుకోవాలి.

ఆ తెప్ప మనిషి చేతిలో పని ఉంది, ఒప్పుకోవాలి. లెక్క కూడా వచ్చుంటే నెత్తిన పెట్టుకునేదాన్ని.

మౌనానికి పదిహేడు రోజులు

కచేరీ నుంచి కాగితం వచ్చింది. మొదటి ముక్క ఏటా వచ్చేదే. నవంబర్‌లో హెర్రింగ్ చేపల వెనక తిమింగలాలు అఖాతంలోకి వస్తాయి, అవి వెళ్ళేదాకా మూడు నెలలు కొమ్ములన్నీ మూసెయ్యాలి. దీన్నే మేం మౌనం అంటాం.

రెండో ముక్క ఏటా వచ్చేది కాదు. ఈసారి మౌనంలో తెప్పను పడమటికి, గ్రీన్లాండ్ అవతలికి లాక్కుపోతారట. అక్కడి నీళ్ళు చల్లగా ఉన్నాయట, చేపలు బతుకుతాయట. ఎన్నేళ్ళో రాయలేదు. మా కొమ్ము మోత అంత దూరం పోదు.

కాగితం చదివి గోడకు మేకుతో కొట్టాను. కొట్టాక బయటికెళ్ళి జెట్టీ చివర నిలబడ్డాను. పడవలకు రంగు వేస్తున్నారు. ఎవరో పిలిస్తే వినిపించనట్టు నటించాను.

పదిహేడు రోజులున్నాయి. మూడేళ్ళు నోరు మూసుకున్నదాన్ని, పదిహేడు రోజుల్లో ఏం చెబుతాను?

మౌనానికి పదకొండు రోజులు

నియమం పక్కనపెట్టి నాలో నేనే కూర్చి చూశాను. లెంగ్సెల్ అని రెండు మోతల మాట ఉంది. బెంగ. దాని ముందు హ్యెమ్ పెడితే ఇంటి మీద బెంగ, మొత్తం మూడు. ఊళ్ళో సగం మంది నెలనెలా అదే పంపుతారు. దాన్ని ఎన్నిసార్లు కొట్టానో, ఆ మూడు మీటలు మాత్రం నున్నగా అరిగిపోయాయి.

నాకు ఇంటి మీద బెంగ లేదు. ఇల్లు ఇక్కడే ఉంది. ఇంట్లో పొయ్యి ముందు రెండు పీటలున్నాయి, ఒకటి ఖాళీ. అప్ప చేపలు కోస్తూ కూనిరాగం తీసేది. ఒక్క పాటకీ చివరి చరణం వచ్చేది కాదు, మళ్ళీ మొదటికొచ్చేది. "నోర్ముయ్యవే, తల వాచిపోతోంది" అనేదాన్ని. ఇప్పుడు ఆ తలనొప్పి కోసం ప్రాణం కొట్టుకుంటోంది.

కూర్చలేకపోయాను. పాత కూర్పరి బొర్గమ్మ దగ్గరికి వెళ్ళక తప్పదు. వెళ్తే అంతా చెప్పాలి.

మౌనానికి ఆరు రోజులు

వెళ్ళాను.

బొర్గమ్మ అసలు పేరు బోర్గిల్డ్. ఈ ఊళ్ళో పుట్టిన మనిషి, నాకు ముందు ముప్పై ఏళ్ళు కొమ్ము ఆవిడదే. మా భీమిలి తీరం వాళ్ళు చేపల పనికి ఇక్కడికొచ్చి స్థిరపడ్డప్పుడు, కూర్పరికి అందరి భాషా రావాలని మా అమ్మమ్మ పక్కన కూర్చుని వలలు అల్లుతూ తెలుగు నేర్చుకుంది. అందుకే ఆవిడ నోటి వెంట అచ్చం అమ్మమ్మ మాటే వస్తుంది.

"ఏటే గుంటా, మూడేళ్ళ నుంచి గుమ్మం తొక్కనిదానివి ఇయాల దారి తప్పినావా?"

"మాట కూర్పించుకుందామని వొచ్చినాను."

"ఎవులికి?"

"అప్పకి."

కుర్చీ చూపించింది. కాఫీ పోసింది. "సెప్పు. ఏటీ దాసకు" అంది.

చెప్పాను. మూడేళ్ళ క్రితం ఇదే వంటింట్లో, మేమిద్దరం ఆవిడకు చేపలు కోసి పెడుతుంటే, తన చెవులు మందగించాయని, మీ ఇద్దరిలో ఒకరు కొమ్ము తీసుకోండని ఆవిడ అడిగిన రోజు. మాటల్లో నాకంటే అప్ప గట్టిదని ఊరంతా ఎరుగుదురు. అప్ప నోరు తెరిచేలోపు నేనే అందుకున్నాను. "అప్పకి లెక్క రాదు. బుట్టలో వంద చేపలెయ్యమంటే తొంభై తొమ్మిది ఏస్తాది" అన్నాను. అప్ప విన్నది. చేతిలో కత్తి ఆగలేదు. "అవును, నాకు లెక్క రాదు" అని నవ్వింది. ఆ నెలలోనే తెప్ప ఎక్కింది.

"మరి తొంబయ్ తొమ్మిదెందుకేస్తాదో నీకు తెల్దా?" అని అడిగింది బొర్గమ్మ.

"తెలుసు. అది అమ్మమ్మ అలవాటు. వల లాగినప్పుడల్లా ఒక చేప సముద్రానికి వొదిలీసీది. గంగమ్మ వాటా అనీది. అంతా మనమే తినీకూడదు, అడుగున ఒకటి వొదలాల అనీది. అప్ప కూడా ఏది లెక్కబెట్టినా ఒకటి..."

అక్కడ ఆగిపోయాను.

కాఫీ గిన్నె బల్ల మీద పెట్టాను. నలభై ఇస్తే ముప్పై తొమ్మిది. ముప్పై తొమ్మిది ఇస్తే ముప్పై ఎనిమిది. ఇచ్చినదాంట్లో ఎప్పుడూ ఒకటి.

తెలియక కాదు. ఆ అబద్ధాన్ని ఊళ్ళో అందరికీ చెప్పి చెప్పి చివరికి నేనే నమ్మాను. అందుకే మూడేళ్ళు నా కళ్ళ ముందు రోజూ కనబడుతున్నా, లెక్క రాని మనిషని రాసుకుంటూ కూర్చున్నాను. పన్ను నవ్వు అనే మాట ఇంకెవరికి తోస్తుంది?

"తెప్ప మీద కూర్పరి అప్పే" అన్నాను.

"కూర్పరి పేరు సెప్పకూడదు, నాను సెప్పలేదు. నువ్వే సెప్పినావు" అంది బొర్గమ్మ. "అది తెప్పెక్కిననాడు నా కూర్పుల పుస్తకం దానికే ఇచ్చినాను."

"అయితే నాను అబద్ధమాడినానని నీకు ముందే తెలుసా?"

"నాకు తెల్దేటే! నువ్వడిగినావు, అది అడగలేదు. అడిగినదానికిచ్చినాను. అది తప్పో ఒప్పో ముప్పొద్దులా అనుకుంటానే ఉన్నాను."

అప్పుడు ఇంకొకటి తట్టింది. కూర్పరి తన మాట తాను కూర్చకూడదు. తెప్ప మీద ఉండేది ఒక్కతే కూర్పరి. నాకు బొర్గమ్మ ఉంది, నేనే సిగ్గుపడి రాలేదు. అప్పకు ఎవరున్నారు? ఆమెకు మాట పంపే దారే లేదు. మూడేళ్ళు అది కోపమనుకున్నాను.

పైగా అమ్మమ్మ అలవాటు కొద్దీ ఆమె సముద్రానికి వదిలిన దాన్ని అర్జీ పెట్టి మరీ లాక్కున్నాను.

బొర్గమ్మ చాలాసేపు నన్ను ఏడవనిచ్చింది. తర్వాత కాగితం ముక్క తీసుకుంది. "ఇంతకీ దానికేటి కావాలని సెప్పాల? సెమించమనా?"

"కాదు. పాట వినాలనుంది. చివరి చరణం రాకపోయినా పర్లేదు."

సోస్టెర్ అని రాసింది. రెండు. స్టెమ్మె అంటే గొంతు, అది రెండు. చివర సావ్న్. ఒక్కటే మోత, మన భాషలో వెలితి అనే మాట దగ్గరికొస్తుంది గానీ సరిపోదు. ఉండాల్సిన మనిషి లేకపోతే ఆ చోట మిగిలేది. ఖాళీ పీట లాంటిది. ఈ భాషలో ముందు మాటలెన్ని తగిలించినా, అసలు విషయమేమిటో చివరి మాటే తేలుస్తుంది.

సోస్టెర్‌స్టెమ్మెసావ్న్. ఐదు.

"ఇంకా రెండున్నాయి. ఏటెయ్యమంటావు?"

"వొద్దు. వొదిలీ."

మౌనానికి రెండు రోజులు

నా వంతు రేపు. ఆఖరి రోజు వంతు అడిగి మరీ తీసుకున్నాను. ముందే పంపితే మిగతా రోజులన్నీ జవాబు కోసం కొమ్ము మీద పడి ఉంటాను, ఊరి పని పాడవుతుంది. అసలు కారణం అది కాదు, భయం. ఇన్నాళ్ళూ ఎదురుగా ఉన్నది అప్ప అని తెలియక ధీమాగా కొట్టాను. ఇప్పుడు వాతావరణం కబురు కూడా తిన్నగా కొట్టలేకపోతున్నాను. ఇవాళ గాలి అని కొట్టబోయి వాన అని కొట్టాను. మూడేళ్ళలో నా మొదటి తప్పు. మిగతా కబురుతో పొంతన కుదరక అటు నుంచి సరిచేయమన్న గుర్తు వచ్చింది. సరిచేశాను. ఆ గుర్తు అప్ప వేలి కింద నుంచి వచ్చిందనుకుంటే కాసేపు అక్కడి నుంచి లేవబుద్ధి కాలేదు.

కచేరీకి ఒక కాగితం కూడా రాశాను. తెప్ప మోత తెప్పకు తిరిగి ఇచ్చెయ్యండి, నాది పొరపాటు అని. వాళ్ళు ఎప్పుడు చూస్తారో.

మౌనానికి ఒక రోజు

తొమ్మిదికి మొదలుపెట్టాను. వాతావరణం, పడవల కబురు, తోటమ్మ కోడలి వంతు, ఇంకో ముగ్గురివి. అందరివీ కలిపి ముప్పై నాలుగు. ఎవరి అక్షరమూ ముట్టుకోలేదు. చివర నాది.

మన భాషలో గట్టిగా అనాలనిపిస్తే మాట ఎక్కడైనా నొక్కొచ్చు. అతుకు మాటకు వీళ్ళ దగ్గర అలా కుదరదు. ఎంత పొడుగైనా బలమంతా మొదటి ముక్క మీదే పడాలి, అప్పుడే అదంతా ఒకే మాట అని అవతలివాళ్ళకు తెలుస్తుంది. సోస్టెర్ మీద నా బలమంతా పెట్టి నొక్కాను. మిగతావి వాటంతటవే వెళ్ళాయి.

మొత్తం ముప్పై తొమ్మిది. మాకు ఇంకా రెండు ఉన్నాయి. ఒకటి నేను లాక్కున్నది. ఇంకోటి గంగమ్మది. మీట మీంచి చెయ్యి తీసి ఒళ్ళో పెట్టుకున్నాను. ఆ రెండు మోతలంత సేపూ సముద్రంలో ఏ చప్పుడూ లేదు. అప్ప లెక్కపెడుతూ ఉంటుంది కదా. ఆమెకు లెక్క బాగా వచ్చు.

తెప్ప వంతు పన్నెండింటికి. బొర్గమ్మను చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి పక్కన కూర్చోబెట్టాను. నా పేరున ఏమైనా వస్తే ఆవిడే విప్పాలి.

మోతలు రావడం మొదలైంది. మేత తూకం. ఇద్దరి జ్వరం తగ్గింది. అప్పన్న నుంచి తోటమ్మకు. ఎవరివో పెళ్ళి శుభాకాంక్షలు. నేను కాగితం మీద గీతలు గీస్తూ పోయాను. ముప్పై ఐదు. ముప్పై ఆరు. ముప్పై ఏడు. ముప్పై ఎనిమిది.

నా పేరున ఏమీ లేదు. అయిపోయింది. ఎప్పుడూ ఇక్కడే అయిపోతుంది.

కలం కింద పెట్టాను. ఆమె ఎలా పంపగలదు? కూర్చిపెట్టేవాళ్ళు లేరు కదా అని నాకు నేనే చెప్పుకున్నాను. చెప్పుకున్నా గుండె వినలేదు.

అప్పుడు కొమ్ము గది గుర్తు మోగింది. అది మోతల లెక్కలోకి రాదు, వచ్చే కబురు కూర్పరికని చెబుతుంది. దాని వెనకే ఒకే ఒక్క మోత.

దూ.

ముప్పై తొమ్మిదోది. వాళ్ళ వంతులో ఆఖరిది, మూడేళ్ళలో ఒక్కసారి కూడా రానిది.

నాకు ఆ మాట తెలుసు, కొమ్ము పని నేర్చుకునేవాళ్ళకు మొదటి రోజు నేర్పేది అదే. అయినా నియమం నియమమే. బొర్గమ్మ చెయ్యి పట్టుకుని, "విప్పు" అన్నాను.

బొర్గమ్మ నా వైపు చూసింది. "ఇందులో విప్పడానికేటున్నాదే? నువ్వు అన్నాది. అంతే. ముందు లేదు, ఎనక లేదు. కూర్పే లేని మాటకి కూర్పరెందుకు? అందుకే తనంతట తనే పంపీసినాది."

నువ్వు.

అప్ప ఏ నియమమూ తప్పలేదు. ఎవరి వంతూ తీసుకోలేదు. అమ్మమ్మ దగ్గర నేర్చుకున్న నాటి నుంచి ఎవరు నవ్వినా, నేను అబద్ధమాడినా, కచేరీ తగ్గించినా ఒక్కరోజూ మానకుండా సముద్రానికి వదులుతూ వచ్చిన ఆ ఒక్కటీ, ఇవాళ నాకిచ్చింది.

మౌనం, మొదటి రోజు

కొమ్ముకు గుడ్డ కప్పాను. తెప్ప పొద్దున్నే కదిలిపోయి ఉంటుంది. రెండు తిమింగలాలు అప్పుడే అఖాతంలోకి వచ్చాయి, జెట్టీ మీద జనం చూస్తున్నారు.

మధ్యాహ్నం చేపల పులుసు పెట్టుకున్నాను. తినబోతుంటే గుర్తొచ్చింది, నిన్న గంగమ్మకు అప్ప వాటా అందలేదు. నాకోసం ఆపేసింది.

పులుసులో వెయ్యకుండా ఉంచిన పచ్చి చేప ఇంకొకటి ఉంది. ఉన్నవాటిలో అదే పెద్దది. దాన్ని తీసుకెళ్ళి జెట్టీ చివర నీళ్ళలో వదిలి, "అప్ప ఇమ్మంది" అని చెప్పి వచ్చాను.